నూలు పగులుతుందా?

ఉద్యోగ విరమణ తరువాత పొందూరులో సాయంత్రం పూట మా వీధి పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. కిందటి వారం ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి నిఘంటువులో ‘బ్రేక్’ అనే క్రియకు ఎదురుగా ‘పగులగొట్టు’ అన్న అర్థం చూసి, నేను బోర్డు మీద రాసిన ‘ద థ్రెడ్ బ్రోక్’ అనే వాక్యం దగ్గర ఆగిపోయి, ‘‘మేస్టారూ, నూలు పగుల్తాదేటండీ?’’ అని అడిగింది. వాళ్లమ్మ ఇంట్లో రాట్నం మీద ఖద్దరు నూలు వడుకుతుంది. వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రపరచిన పత్తి నుంచి వచ్చే ఆ దారం ఎంత సన్ననిదంటే, చెయ్యి కాస్త ఎక్కువ లాగిందంటే చాలు, పుటుక్కుమంటుంది. అప్పుడు ఆవిడ రాట్నం ఆపి, తెగిన కొసను ఏకుకు ఆనించి, మళ్లీ తిప్పడం మొదలుపెడుతుంది. రోజుకు ఇన్నిసార్లని లెక్కలేకుండా ‘తెగిపోనాది’ అనే మాట వింటూ పెరిగిన పిల్లకు ఆ సందేహం రావడం సహజమే.

తెలుగులో క్రియను ఎంచేది ఆ వస్తువే. కర్ర విరుగుతుంది, దారం తెగుతుంది, కుండ పగులుతుంది, బట్ట చిరుగుతుంది. బట్టకూ కాగితానికీ ఇంగ్లీషువాళ్లు కూడా ‘టేర్’ అని వేరే మాట పెట్టుకున్నారు గాని, మిగిలిన మూడింటికీ ‘బ్రేక్’ ఒక్కటే సరిపోతుంది. పైగా దానంతట అది పగిలినా, మనం పగులగొట్టినా వాళ్లకు అదే క్రియ. మనకు విరుగు–విరుచు, తెగు–తెంపు, చిరుగు–చింపు అని జంటలు కావాలి. (గ్లాసు జారవిడిచిన పిల్లవాడు మాత్రం ఏ భాషలోనైనా ‘పగిలిపోయింది’ అనే అంటాడు, ‘పగులగొట్టాను’ అనడు.)

అయితే ఇంగ్లీషులో ‘బ్రేక్’కు పర్యాయపదాలుగా మనం పిల్లలచేత వల్లె వేయించే మాటలు నిజానికి పర్యాయపదాలు కావు, అవి ఆ పని జరిగిన తీరును చెప్పే మాటలు. ఒక్కసారిగా చప్పుడుతో రెండైతే ‘స్నాప్’, గీత పడి ఇంకా విడిపోకుండా ఉంటే ‘క్రాక్’, వంద ముక్కలైతే ‘షాటర్’, కోపంతోనో బలంతోనో బద్దలుకొడితే ‘స్మాష్’, కప్పు అంచున చిన్న పెచ్చు ఊడితే ‘చిప్’. ఈ పనిని మనం చాలావరకు ధ్వని మాటలకు అప్పగించాము. దారం పుటుక్కున తెగుతుంది, కొమ్మ ఫెళ్లున విరుగుతుంది, అద్దం భళ్లున పగులుతుంది, చీర పర్రున చిరుగుతుంది. అందుచేత ‘ద థ్రెడ్ స్నాప్డ్’ అన్న మూడు ముక్కల వాక్యానికి సరైన తెలుగు ‘దారం తెగింది’ కాదు, ‘దారం పుటుక్కున తెగింది’ అని నా అభిప్రాయం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో నేలపాలైన కొబ్బరిచెట్లను పిల్లలకు ఉదాహరణగా చెబుతూ ఉంటాను. నడిమికి విరిగిన చెట్టుకు ‘స్నాప్’ సరిపోతుంది. వేళ్లతో సహా కూలిన చెట్టుకు ‘అప్‌రూట్’ అనాలి, ‘బ్రేక్’ అనకూడదు.

అసలు చిక్కు మనసుల దగ్గర వస్తుంది. ‘బ్రోకెన్ హార్ట్’ అన్నదానిని చాలామంది ‘మనసు విరగడం’ అని రాస్తున్నారు. మనసు విరిగితే ఆ మనిషి మీద ఇష్టం పోయిందని అర్థం. ఏడుపు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. దుఃఖానికి పగిలేది గుండె. పాలు కూడా మనకు విరుగుతాయి, ఇంగ్లీషులో మాత్రం విరగవు. ‘ద మిల్క్ ఈజ్ బ్రోకెన్’ అని రాసిన కుర్రవాడికి ‘కర్డిల్’ అనే మాట నేర్పవలసి వచ్చింది.

మాట తప్పడం, చట్టాన్ని ఉల్లంఘించడం, తెల్లవారడం, నోటుకు చిల్లర మార్చడం, వీటన్నిటికీ ఇంగ్లీషులో ‘బ్రేక్’ చెల్లుతుంది. రాత్రి ఉపవాసాన్ని విడిచే భోజనం కాబట్టి ‘బ్రేక్‌ఫాస్ట్’ అయిందంటే పిల్లలు నమ్మలేదు; రాత్రి అన్నం తిని పడుకున్నవాళ్లకు ఉపవాసమేమిటని వాళ్ల వాదన. బస్సుకు వేసే బ్రేకుకూ దీనికీ అక్షరాలు వేరని ఇంగ్లీషులో రాసి చూపించాను, తెలుగు లిపిలో ఆ తేడా కనిపించదు గనుక.

తెగడంలో మరొక మెలిక ఉంది. పుస్తెల తాడు తెగితే మా ఇళ్లలో ‘తెగింది’ అనరు, ‘పెరిగింది’ అంటారు. ఇక సంతలో ‘బేరం తెగింది’ అంటే ధర కుదిరిందని. ఎడ్ల జతకు గంటసేపు బేరమాడి చివరికి కొన్నవాడు చెప్పే మాట అది. ఆ అమ్మాయి నిన్న దానిని ‘ద డీల్ బ్రోక్’ అని అనువదించి తెచ్చింది. అలా రాస్తే ఎడ్లు అమ్మినవాడి ఇంటికే తిరిగి వెళ్లిపోతాయని చెప్పి, ‘సెటిల్’ అని దిద్ది ఇచ్చాను.