కరెంటు పోయిన ఆదివారం

ఐదింటికి కరెంటు పోయింది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని మల్లెపూల మాల కడుతుంటే ఫోన్‌లో ఫొటో తీశాను. కిటికీ తెల్లగా వెలిగిపోయింది, అమ్మ ముఖం మాత్రం నల్లగా పడింది. నాలుగుసార్లు తీసినా అంతే.

చీకటి పడ్డాక, ఫోన్‌లో దాచుకున్న ఒక పాత మూకీ పెట్టాను. 1905లో న్యూయార్క్ సబ్‌వేలో, అంటే నేల కింద నడిచే రైలు దారిలో తీసింది, ఐదారు నిమిషాలే. ముందొక రైలు పోతుంటుంది, దాని వెనకాలే మనమూ పోతుంటాం. కథేమీ లేదు. అమ్మ మాల పక్కన పెట్టి ఇటు జరిగింది.

"సొరంగం కదా, ఇంత వెలుతురు ఎక్కణ్ణించి వస్తోందే?"

నాకూ అదే ఆశ్చర్యం. తీసింది బిల్లీ బిట్జర్. అప్పటికి ఆ సబ్‌వే తెరిచి ఏడు నెలలే. కెమెరాను ఒక రైలు ముందుభాగాన పెట్టి, ఇంకో రైలు వెనకాల నడిపించారు. పక్క పట్టాల మీద దీపాలు బిగించిన మరో బండి వాటితో సమానంగా వచ్చింది. 14వ వీధి నుంచి గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ దాకా అలాగే. పాత్రధారులెవరూ లేని ఈ చిన్న ముక్క కోసం అంత తంటా పడ్డాడంటే నాకు ఎంత ముచ్చటో!

బిట్జర్ 1872లో అమెరికాలోని బోస్టన్‌లో, రాక్స్‌బరీ అనే పేటలో పుట్టాడు. ముందు నేర్చుకున్నది వెండిపని. 1899లో కోనీ ఐలాండ్‌లో జెఫ్రీస్, షార్కీల బాక్సింగ్ పోటీని రాత్రిపూట ఆర్క్ దీపాల కింద తీసినవాళ్ళలో ఆయన ఒకడు. 25 రౌండ్లు! 1908 నుంచి దర్శకుడు డి.డబ్ల్యూ. గ్రిఫిత్‌తో పనిచేశాడు. అందరూ గ్రిఫిత్ పేరే చెప్తారు, ఆ బొమ్మలు బిట్జర్ కెమెరాలోంచి వచ్చాయని చెప్పేవాళ్ళు తక్కువ. నాకది బాధ.

ఇంకో బాధ కూడా ఉంది. 1915లో వీళ్ళిద్దరూ తీసిన 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్' నల్లవాళ్ళను నీచంగా చూపించి, నల్లవాళ్ళ మీద దాడులు చేసిన కు క్లక్స్ క్లాన్ అనే తెల్లవాళ్ళ ముఠాను వీరులను చేసింది. దాన్ని తీసిందీ ఈ చేతులే. ఎంత ఇష్టమైనా ఆ మాట దాటేసి ఆయన్ని మెచ్చుకోలేను.

సబ్‌వే ముక్క చివర రైలు ఆగి జనం దిగుతారు. టోపీలు, పొడుగు గౌన్లు. అప్పుడే కరెంటొచ్చింది. అమ్మ లేచి లైటు ఆపేసింది.

"మళ్ళీ పెట్టు. ఆ దీపాల బండి ఎక్కడైనా కనిపిస్తుందేమో చూద్దాం."