లాస్ వేగాస్‌లో ఒక రిటైర్డ్ క్యాషియర్

ముప్పై నాలుగేళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చుని ఊళ్లోవాళ్ల డబ్బు లెక్కపెట్టినవాణ్ని. అందుకే 2024 జూన్‌లో, కాలిఫోర్నియాలో అల్లుడింట్లో ఉండగా, అతను పక్క రాష్ట్రం నెవాడాలోని జూదాల నగరం లాస్ వేగాస్ ప్రయాణం తలపెట్టగానే నేను అడిగిన మొదటి మాట గది అద్దె గురించే. "రాత్రికి 59 డాలర్లే మామయ్యా" అన్నాడు. కాలిఫోర్నియాలో హైవే పక్కన మామూలు లాడ్జి కూడా అంతకు రాదు. ఎక్కడో మెలిక ఉంటుందనుకున్నాను.

మెలిక బిల్లులో అడుగున ఉంది. రిసార్ట్ ఫీజు పేరుతో రోజుకు మరో 45 డాలర్లు, ఆ రెండింటి మీద 13 శాతం పైచిలుకు పన్ను. 59 కాస్తా 117 దాటింది. కారు పార్కింగ్ వేరే. ఈత కొలను, వ్యాయామశాల, వైఫై కోసమట ఆ ఫీజు. కొలనులో కాలు పెట్టకపోయినా కట్టాల్సిందే. ఇప్పుడు కొంత నయం. ఇలాంటి రుసుములన్నీ కలిపి మొత్తం ధర మొదటే చూపాలన్న అమెరికా ప్రభుత్వ నిబంధన 2025 మే నుంచి అమల్లోకి వచ్చింది. ఫీజు పోలేదు, దాక్కోవడం మానింది, అంతే.

మేము ఆదివారం బయల్దేరి బుధవారం తిరిగొచ్చాం. వారం మధ్యలో గదులు చవక. శుక్ర, శనివారాల్లో అవే గదులు రెండు మూడు రెట్లు పలుకుతాయి. ఆదివారం మధ్యాహ్నం ఐ-15 రహదారి మీద మా వైపు దారి ఖాళీగా ఉంటే, అవతలి వైపు లాస్ ఏంజెలెస్‌కు తిరిగిపోయే కార్లు మైళ్ల కొద్దీ బారులు తీరి ఉన్నాయి. ఆ వరసలో ఇరుక్కుంటే నాలుగైదు గంటల ప్రయాణం ఎంతసేపు సాగుతుందో చెప్పలేం.

ఎండ గురించి మాత్రం చెప్పి తీరాలి. గుంటూరువాణ్ని, రెంటచింతల పక్కనున్నవాణ్ని, నాకా ఎండ గురించి చెప్పేది అనుకున్నాను. కారు దిగగానే పొయ్యి మూత తీసినట్లు మొహానికి గాలి కొట్టింది. ఆ రోజు 43 డిగ్రీలు. అయితే చొక్కా తడవలేదు. అది మొహావీ ఎడారి, గాలిలో తేమ లేదు. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతి తెలియదు. మన దగ్గర చెమటే హెచ్చరిక, అక్కడ హెచ్చరించేవాళ్లు లేరు. సాయంత్రానికి మా ఆవిడ పెదవులు పగిలాయి, నాకు తల తిరిగింది. సూపర్‌బజారులో మంచినీళ్ల సీసాల కట్ట ఒకటి కొని కారులో వేసుకోండి. హోటల్‌లో ఒక్క సీసా ధరకు బయట కట్ట వస్తుంది. కుదిరితే మార్చి, ఏప్రిల్ గానీ, అక్టోబరు, నవంబరు గానీ ఎంచుకోండి. మాకు మనవడి బడి సెలవులు అడ్డొచ్చాయి.

రెండో మోసం దూరం. హోటళ్లన్నీ బారుగా ఉన్న వీధిని స్ట్రిప్ అంటారు. పొడవు దాదాపు ఏడు కిలోమీటర్లు. ఎదురుగా కనిపించే హోటల్ పక్కిల్లు లాగే ఉంటుంది. భవనాలు అంత పెద్దవి కాబట్టి దగ్గరగా అనిపిస్తాయి. నడవడం మొదలుపెడితే ఎస్కలేటర్ ఎక్కాలి, వంతెన దాటాలి, దిగాలి, ఒక కాసినో, అంటే జూదశాల, మధ్యలోంచి చుట్టూ తిరిగి బయటపడాలి. అరగంటైనా ఆ పక్కిల్లు రాదు. ఆ వంతెనల మీద ఆగడాన్ని కూడా 2024లో నిషేధించారు. డ్యూస్ అనే రెండంతస్తుల బస్సు రాత్రింబవళ్లు తిరుగుతుంది, 24 గంటల పాసు 8 డాలర్లకు దొరికింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదే శరణ్యం.

గదిలో కెటిల్ లేదు, చిన్న ఫ్రిజ్ మాత్రం ఉంది. మా ఆవిడ ఇంటి నుంచి తెచ్చిన పెరుగు డబ్బా పెట్టడానికి అందులోని రెండు సీసాలు పక్కకు జరిపింది. ఖాళీ చేసేరోజు బిల్లులో ఆ రెండు సీసాలకు 31 డాలర్లు. సీసాల కింద బరువు పసిగట్టే ఏర్పాటు ఉందట, కదిపితే కొన్నట్టే. కౌంటర్ దగ్గర అమ్మాయి కథంతా విని నవ్వి ఆ మొత్తాన్ని బిల్లులోంచి తీసేసింది. బిల్లు చదవకుండా సంతకం పెట్టవద్దని ముప్పై నాలుగేళ్లు అందరికీ చెప్పినవాణ్ని, ఆ ఒక్కరోజు అది నాకు పనికొచ్చింది.

ఇక జూదం. నెవాడాలో 1931లో చట్టబద్ధం చేశారు. 21 ఏళ్లు నిండాలి, అడిగితే పాస్‌పోర్టు చూపాలి. పిల్లలు కాసినో మధ్యలోంచి నడిచి వెళ్లవచ్చు గానీ ఆగకూడదు. మా ఎనిమిదేళ్ల మనవడు మెరిసే ఒక జూదం మిషన్ ముందు నోరు తెరిచి నిలబడ్డాడు. నీలం కోటు మనిషి ఎక్కడినుంచి వచ్చాడో, మర్యాదగా చెయ్యి చాపి దారి చూపించాడు. "తాతయ్యా, చూస్తే కూడా డబ్బు తీసుకుంటారా?" అన్నాడు వాడు.

నేను రూలెట్ అనే చక్రం జూదం బల్ల దగ్గర గంటసేపు నిలబడ్డాను, ఆడలేదు. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన గుండాట బల్లలు చూసిన కళ్లు. చక్రంలో 1 నుంచి 36 వరకు అంకెలు, వాటితో పాటు రెండు సున్నాలు, మొత్తం 38 గళ్లు. మీ అంకె పడితే డాలరుకు 35 డాలర్లు ఇస్తారు, మీ డాలరు మీకు వస్తుంది. అన్ని గళ్లలోనూ తలా ఒక డాలరు పెట్టారనుకోండి. 38 పెడితే 36 చేతికొస్తాయి. రెండు డాలర్లు వాళ్లవి, ఎవరు గెలిచినా సరే. కొన్ని బల్లలకు మూడో సున్నా కూడా తగిలించారు, అక్కడ పెట్టేది 39, వచ్చేది అదే 36. ఆ బల్లలే ఎక్కువ కిటకిటలాడుతున్నాయి. మా బ్యాంకులో అర శాతం వడ్డీ పెంచితే గొడవ చేసేవాళ్లు గుర్తొచ్చారు.

మా ఆవిడ మాత్రం 20 డాలర్లు పెట్టి "పెన్నీ" మిషన్ ముందు కూర్చుంది. పెన్నీ అంటే ఒక సెంటు. పేరుకే పెన్నీ, ఒక్కసారి మీట నొక్కితే 88 సెంట్లు. నారింజ రసం ఉచితంగా తెచ్చిచ్చారు, ఒక డాలరు టిప్పు ఇచ్చాం. పొగ వాసన, గలగలలు, గోడల మీద ఎక్కడా గడియారం లేదు. బయటికొచ్చేసరికి రాత్రి పదకొండు.

ఆ రాత్రి బెల్లాజియో హోటల్ ముందు ఫౌంటెన్లు చూశాం. పావుగంటకోసారి పాటకు తగ్గట్టు నీళ్లు లేస్తాయి, రుసుము లేదు. గాలి ఎక్కువైతే ఆపేస్తారు. 2023లో తెరిచిన స్ఫియర్ అనే 366 అడుగుల గోళం కూడా బయటి నుంచి చూడటానికి ఉచితమే. లోపల ప్రదర్శన టికెట్ ధర చూసి అల్లుడే ఫోను జేబులో పెట్టేశాడు.

చివరి రోజు నెవాడా, అరిజోనా రాష్ట్రాల సరిహద్దులో కొలరాడో నది మీదున్న హూవర్ డ్యాం. స్ట్రిప్ నుంచి గంటలోపు దారి. నాగార్జునసాగర్ ఆనకట్ట మీద నడిచినవాణ్ని, అయినా కిందికి తొంగిచూస్తే కాళ్లు వణికాయి. ఎత్తు 726 అడుగులు. వెనక మీడ్ జలాశయం చుట్టూ కొండలకు సున్నం పూసినట్టు తెల్లటి పట్టీ, ఒకప్పుడు నీళ్లు ఉన్న మట్టం అది. లాస్ వేగాస్‌కు తాగునీరు దాదాపు అంతా ఇక్కడి నుంచే. ఆనకట్ట దగ్గర నీళ్లలో నిలిచిన బురుజుల మీద రెండు గడియారాలు, ఒకటి నెవాడా సమయం, ఒకటి అరిజోనా సమయం. వేసవిలో రెండూ ఒకటే చూపిస్తాయి.

అక్కడ నిలబడి చేతిరుమాలు కోసం మా ఆవిడ సంచి వెతుకుతుంటే ఒక కాగితం రాలింది. మిగిలిన డబ్బుకు ఆ పెన్నీ మిషన్ ఇచ్చిన టికెట్. నాలుగు డాలర్ల పన్నెండు సెంట్లు, నగదుగా మార్చుకోలేదు. తిప్పి చదివాను, 180 రోజుల గడువు.

"ఇక్కణ్నుంచి ఆ హోటల్ ఎంత దూరం?" అని అల్లుణ్ని అడిగాను. అతను జవాబు చెప్పకుండా కారు తలుపు తీశాడు.