అమ్మ కాఫీలోకి మధుపత్రి

అమ్మకి షుగర్ ఉందని తేలిన దగ్గర్నుంచి మా ఇంట్లో పొద్దున్నే కాఫీ దగ్గర టెన్షన్. చిన్నప్పటి నుంచీ గ్లాసుకి రెండు చెంచాల పంచదార అలవాటు ఆవిడకి. లేకుండా ఇస్తే ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసేది. ఒక్క మాట కూడా అనేది కాదు. ఏమైనా అన్నా బావుండేదనిపించేది నాకు.

డాక్టరు గారిని అడిగితే పంచదారకి బదులు స్టీవియా, అంటే ఒక మొక్క ఆకులోంచి తీసే తీపి, వాడి చూడమన్నారు. బజార్లో చిన్న ప్యాకెట్లు దొరికాయి. అమ్మకి రుచి నచ్చింది, రోజుకి ఆరేడు వేసుకునేది. ఒకరోజు అట్ట వెనక సన్నక్షరాలు చదివితే మొదటి పేరు డెక్స్‌ట్రోజ్. అంటే గ్లూకోజే. పదార్థాల పట్టీలో ఏది ఎక్కువ ఉంటే అదే ముందు రాస్తారు. ప్యాకెట్లో ఉండేది గ్రాము దాకానే కావచ్చు, కానీ షుగర్ మనిషి కోసం కొన్నదాంట్లో అదేమిటని మనసు చివుక్కుమంది.

తర్వాత ఏమీ కలపని స్టీవియా పొడి తెప్పించాను. అరచెంచా వేశాను.

"చేదే ఇది! కాఫీయా, కషాయమా?" అంది అమ్మ మొహం చిట్లించి.

తప్పు నాదే. ఆకులోంచి తీసిన ఆ తీపి పంచదారకి 200 నుంచి 300 రెట్లు ఉంటుంది. చెంచా పంచదారకి బదులు చీపురుపుల్ల మొనకి అంటినంత చాలు. మోతాదు మించితే అతిమధురం నమిలినట్టు నాలుక మీద చేదు మిగులుతుంది. అంత కొంచెం రోజూ కొలవడం నా వల్ల కాలేదు.

అప్పుడు కడియం వెళ్లినప్పుడు నర్సరీలో స్టీవియా మొక్కే తెచ్చుకున్నాను. మధుపత్రి అంటారు, కొందరు తీపి తులసి అంటారు. పుట్టిల్లు పరాగ్వే, అక్కడి గ్వారానీ వాళ్లు ఎప్పటినుంచో తమ పానీయాల్లో ఈ ఆకు వేసుకుంటున్నారు. కుండీలో నీళ్లు నిలిచి మొదటి మొక్క వేరు కుళ్లి పోయింది. రెండోదానికి అడుగున ఇసుక ఎక్కువ కలిపాను. తెల్లటి మొగ్గ కనబడగానే తుంచేస్తాను, పూత పట్టాక ఆకులో తీపి తగ్గుతుంది. ఆకు నీడనే ఆరబెట్టి, గుప్పెడు తీసుకుని అరగ్లాసు వేడినీళ్లలో నానబెట్టి, వడకట్టి ఫ్రిజ్‌లో పెడతాను. నాలుగు రోజులకి మించి ఉంచను. గ్లాసు కాఫీకి చెంచాడు.

ఆ రోజు అమ్మ స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఊదుకుంటూ, అడుగున నురగ వరకూ తాగింది. నేను గ్లాసు వంక చూస్తూ నిలబడ్డాను.

సన్నబడదామని నేనూ మొదలుపెట్టాను గానీ మానేశాను. బరువు తగ్గడానికి ఇలాంటి తీపుల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ సలహా ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకి కాదనీ అందులోనే ఉంది. అమ్మ షుగర్ తగ్గడానికి మాత్రలూ నడకా మామూలే. ఈ ఆకు మందు కాదు.

పాయసంలో పర్వాలేదు, దించాక కలిపితే సరి. అరిసెలకి మాత్రం కుదరదు. పాకమే రాదు, పిండి ముద్దకట్టదు. సంక్రాంతికి బెల్లంతోనే చేశాం. అమ్మ ఒకటి తీసుకుని సగం విరిచి నా పళ్లెంలో పెట్టింది. కాఫీ కలపబోతుంటే, "అర చెంచా చాలే, ఈ మధ్య మరీ తియ్యగా ఉంటోంది" అంది.