నాన్న తలుపు తీశారు

పోయిన మంగళవారం నుంచి గురువారం దాకా మా నాన్న సొంత ఇంట్లోనే ఖైదీగా ఉన్నారు. గడియ ఆయనే లోపల వేసుకున్నారు.

పోలీసులమంటూ వీడియో కాల్. మీ ఆధార్‌తో పంపిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, కెమెరా ముందు నుంచి కదలొద్దు, ఇంట్లో చెబితే వాళ్లనీ అరెస్ట్ చేస్తాం అన్నారట. అవతల యూనిఫాం, వెనక జెండా, వైర్‌లెస్ సెట్ చప్పుడు. 34 ఏళ్లు లెక్కల మాస్టారుగా చేసిన మనిషి బాత్రూంకి వెళ్లడానికి కూడా వాళ్ల పర్మిషన్ అడిగారు. అమ్మ పిలిస్తే, "ఒంట్లో బాలేదు, పడుకోనీ" అనేవారు.

ఆయన్ని బయటికి తెచ్చింది నేను కాదు. నేను ఫోన్ చేస్తే, నన్నూ కేసులో ఇరికిస్తారని భయపడి పెట్టేశారు. గురువారం ఎఫ్‌డీ తీయడానికి బ్యాంకుకి వెళ్లారు. చేతులు వణకడం చూసి కౌంటర్‌లో అమ్మాయి చీటీ మీద రాసి చూపించింది: "మాస్టారూ, మిమ్మల్ని ఎవరైనా ఫోన్‌లో బెదిరిస్తున్నారా?" అక్కడే కూలబడి ఏడ్చేశారట. తల్లీ, నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇలా వీడియో కాల్‌లో మనిషిని బంధించడాన్ని వాళ్లు డిజిటల్ అరెస్ట్ అంటారు. మన చట్టంలో అలాంటిదే లేదు. 2024 అక్టోబరులో ప్రధాని రేడియోలో ఈ మాట చెప్పినప్పుడు నాన్న విన్నారు కూడా. రెండు రాత్రులు నిద్రపోనివ్వకుండా భయపెడితే తెలిసిందీ గుర్తురాదు. దయచేసి ఎవరూ ఆయన్ని "చదువుకుని కూడా ఎలా నమ్మారు" అని అడగకండి.

ముందే పంపేసిన లక్షన్నర కోసం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం. రాత్రి నాన్న గది తలుపు తెరిచే పడుకున్నారు.