ఖాళీ గడి అంటే ‘లేదు’ అని కాదు

హెచ్‌ఐవీ క్లినిక్‌లో టీబీ నివారణ మందు మొదలుకాకపోతే, అది డాక్టరుకు తెలియక జరిగిందనుకోవడం తప్పు. తెలుసు. కానీ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూపే) రిపోర్టు, అయిపోవస్తున్న మందులు, రోగి ఆ రోజే చెప్పిన కొత్త నొప్పి, ఇవన్నీ పది నిమిషాల్లో తేలాలి. దగ్గూ జ్వరమూ లేకుండా బాగానే కనిపిస్తున్న మనిషికి ‘రాబోయే జబ్బు’ కోసం మందు రాయడం అక్కడ వెనక్కి జరిగిపోతుంది. 1976లో అమెరికాలో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ ప్రచురించిన అధ్యయనంలో, కంప్యూటర్ గుర్తుచేసినప్పుడు డాక్టర్లు 51 శాతం సందర్భాల్లో స్పందించారు. గుర్తుచేయనప్పుడు 22 శాతంలోనే. లోపం చదువులో లేదు, ఒకేసారి అంత సమాచారం మోయలేని బుర్రలో ఉందని ఆయన తేల్చారు.

అయితే ఇలా గుర్తుచేసే ఏ కంప్యూటర్ రిమైండరూ తన కింద ఉన్న డేటా కంటే తెలివైనది కాదు. పెద్దవాళ్లను ప్రతి విజిట్‌లోనూ నాలుగు ప్రశ్నలు అడగాలి: దగ్గు ఉందా, జ్వరం ఉందా, బరువు తగ్గారా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా? నాలుగింటికీ ‘లేదు’ అని వస్తేనే నివారణ మందు ఆలోచన. ఒక్కదానికి ‘అవును’ వచ్చినా రిమైండర్ మారిపోవాలి: ‘ముందు టీబీ పరీక్షకు పంపండి, నివారణ మందు ఇవ్వొద్దు.’ లోపల జబ్బు ముదురుతున్న మనిషికి నివారణకు వాడే ఐసోనియాజిడ్ మందు ఒక్కటే ఇస్తే, బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది.

కంప్యూటర్ ప్రోగ్రాం తరచూ తప్పేది ఇక్కడే. ‘దగ్గు = అవును’ కాకపోతే లేనట్టే అని నియమం రాసేస్తారు. దాంతో అసలు అడగని రోగి కూడా అర్హుడైపోతాడు. అందుకే జవాబు గడికి మూడు విలువలుండాలి: ఉంది, లేదు, అడగలేదు. మూడోది పడితే వచ్చే రిమైండర్ మందు గురించి కాదు, ముందు అడగమని. ఫారంలో ‘లేదు’కు ముందే టిక్కు పెట్టి ఉంచడం ఇంకా ప్రమాదం. తొందరలో ఉన్న నర్సు దాన్ని అలాగే సేవ్ చేస్తుంది, కాగితం మీద స్క్రీనింగ్ నూటికి నూరు శాతం జరిగినట్టు కనిపిస్తుంది.

నాలుగూ ‘లేదు’ అయ్యాక ఇంకొన్ని వడపోతలున్నాయి. ఇప్పటికే టీబీ చికిత్సలో ఉన్నారా, నివారణ కోర్సు ముందే పూర్తిచేశారా, హెపటైటిస్ ఉందా, రోజూ ఎక్కువగా తాగుతారా, అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు ఉన్నాయా? టీబీ చర్మపరీక్ష చేయలేదని మాత్రం మందు ఆపాల్సిన పనిలేదు.

తెర మీద కనిపించే వాక్యం ఇలా ఉంటే చాలు: ‘నివారణ మందు మొదలుకాలేదు. ఈరోజు స్క్రీనింగ్: నాలుగూ లేవు. బరువు 52 కిలోలు. డోలుటెగ్రావిర్ వాడుతున్నారు.’ (డోలుటెగ్రావిర్ ఒక హెచ్‌ఐవీ మందు.) కింద రెండే బటన్లు: ‘మందు రాయండి’, ‘ఈరోజు కాదు’. రెండోది నొక్కితే కారణం ఎంచుకోవాలి. ఒక్కో కారణం రిమైండర్‌ను ఒక్కో కాలం ఊరుకోబెట్టాలి. మందు నిల్వ లేదంటే తరువాతి విజిట్ వరకే, ఆ సంగతి ఫార్మసీకి కూడా వెళ్లాలి. రోగి వద్దన్నారంటే మూడు నెలలాగి మళ్లీ అడగొచ్చు. కాలేయ జబ్బయితే అది తేలేవరకూ. కోర్సు పూర్తయిందంటే ఇక మోగకూడదు. ఇవేమీ లేకుండా ‘మూసేయి’ బటన్ ఒక్కటే పెడితే నెల తిరిగేసరికి చెయ్యి అలవాటుగా దాన్నే నొక్కుతుంది, కన్ను చదవడం మానేస్తుంది.

‘మందు రాయండి’ నొక్కాక ఏ మందు అనేది రోగి వాడే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ) మందులను బట్టి తేలాలి. ఐసోనియాజిడ్ 300 మిల్లీగ్రాములు రోజూ ఆరు నెలలు, తోడుగా పిరిడాక్సిన్ (విటమిన్ బి6): ఇది పాత దారి. వారానికోసారి ఐసోనియాజిడ్ 900, రిఫాపెంటైన్ 900 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు: ఇది పొట్టి దారి. డోలుటెగ్రావిర్ మీద ఉన్న పెద్దవాళ్లకు దాని మోతాదు మార్చకుండానే ఈ వారానికోసారి మందు ఇవ్వొచ్చు. నెవిరాపిన్, లోపినావిర్ లాంటి హెచ్‌ఐవీ మందులు వాడేవారికి రిఫాపెంటైన్ పనికిరాదు, ఆ ఆప్షన్‌ను తెర చూపించనే కూడదు. హార్మోన్ గర్భనిరోధకాల బలాన్ని కూడా అది తగ్గిస్తుంది కాబట్టి, అవి వాడుతుంటే అక్కడే ఒక హెచ్చరిక పెట్టాలి.

గదిలో కంప్యూటర్ లేకపోతే రిమైండర్‌ను పొద్దున్నే కేసు షీటు మీద అచ్చువేసి పెట్టినా పనిచేస్తుంది. 2011లో ప్రచురితమైన కెన్యా అధ్యయనంలో, గడువు దాటిన సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) పరీక్షల్ని అచ్చు రిమైండర్లున్న క్లినిక్‌లో 53 శాతం సందర్భాల్లో రాశారు, లేనిచోట 38 శాతంలో. కాగితానికి ఉన్న చిక్కు వేరు. పాత విజిట్ల ఫారాలు కంప్యూటర్‌లోకి ఎక్కకుండా మూలన పేరుకుపోతే, గతనెల మొదలుపెట్టిన మందును ‘మొదలుకాలేదు’ అని అచ్చువేస్తుంది. అలాంటివి రెండుమూడు చూశాక ఆ కాగితాన్ని ఎవరూ నమ్మరు. ఎంట్రీ వెనకబడి ఉంటే ముందు దాన్ని దారిలో పెట్టండి, రిమైండర్ తరువాత.

మొదలుపెట్టించి వదిలేసే రిమైండర్ సగం పనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరు నెలల కోర్సు పూర్తయిందనాలంటే 239 రోజుల్లోపు 146 డోసులు పడాలి. వారానికోసారి మందు అయితే 120 రోజుల్లోపు 11. ఫార్మసీ ఇచ్చిన తేదీల నుంచే ఇది లెక్కకట్టొచ్చు. ఇచ్చిన మాత్రలు అయిపోవాల్సిన రోజు దాటి వారమైనా రోగి రాకపోతే పేరు ఫోన్ జాబితాలోకి ఎక్కాలి.

రోగికి పంపే మెసేజ్‌లో హెచ్‌ఐవీ, టీబీ, క్లినిక్ పేరు ఏవీ ఉండకూడదు. ఆ ఫోను ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో! ‘ఈరోజు మీరు గుర్తుపెట్టుకోమన్న పని’ అంటే చాలు. అదీ రోగి ఒప్పుకుంటేనే, వాళ్లు ఎంచుకున్న రోజున, ఎంచుకున్న వేళకు.

వారానికోసారి మూడు అంకెలు చూడండి: ఎన్ని రిమైండర్లు కనిపించాయి, ఎన్నింటికి మందు రాశారు, ‘ఈరోజు కాదు’ కింద ఏ కారణం ఎక్కువ పడింది. మూడోదాంట్లో ‘నిల్వ లేదు’ పైకెక్కుతుంటే మందు వచ్చేదాకా రిమైండర్‌ను ఆపేయండి. అల్మారాలో లేని మాత్ర రాయమని తెర రోజూ పోరుతుంటే, మందు వచ్చిన రోజున కూడా దాని మాట వినేవారుండరు.