వాయిదాల మీద పందెం

నల్గొండ, నవంబర్ 2025

జడ్జి గారు సెలవు. మా వకీలు సార్ పేషీలన్నీ పొద్దున్నే వాయిదా పడ్డాయి. క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతుంటే బామ్మర్ది ఫోన్ చేశాడు. ఐకేపీ సెంటర్‌లో వడ్లు కాంటా అయ్యాయట, డబ్బులు ఖాతాలో పడ్డాయట. వాటితో ఐఈఎక్స్ అనే కరెంటు ఎక్స్ఛేంజీ కంపెనీ కాల్ ఆప్షన్లు, అంటే గడువులోపు షేరు పెరుగుతుందని కాసే పందెం లాంటివి, కొంటాడట. ఆ కంపెనీ కేసొకటి ట్రిబ్యునల్‌లో ఉంది.

"కేసు గెలిస్తే ఒక్కరోజుల డబుల్ అయితది బావా!"

ఆ షేరు సంగతి నాకు కొత్త కాదు, ధర పడ్డాక నేనూ కొన్ని కొని పక్కన పెట్టుకున్నాను. ఐఈఎక్స్ అంటే ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజ్, అది సొంతంగా కరెంటు తయారు చేయదు. అమ్మేవాళ్లనీ కొనేవాళ్లనీ కలిపి, యూనిట్‌కు ఒక్కో వైపు నుంచి 2 పైసల దాకా తీసుకుంటుంది. కొనేవాళ్లు ఎక్కువున్న యార్డుకే వడ్ల బండ్లు వెళ్లినట్టు, రేపటి కరెంటుకు ఇవాళ కుదిరే బేరాలు దాదాపు అన్నీ అక్కడికే చేరాయి. 2025 జూలై 23న కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి, సీఈఆర్సీ, అన్ని ఎక్స్ఛేంజీల బిడ్లూ కలిపి ఒకే ధర తేల్చాలని ఆర్డర్ ఇచ్చింది. ఒకటే ధరైతే ఏ యార్డుకు పోతే ఏంటి? మర్నాడు షేరు ఒక దశలో దాదాపు 30 శాతం పడింది. ఫ్యూచర్లు, ఆప్షన్లు నడిచే షేరు కదా, రోజుకు ఇంతకు మించి పడకూడదనే మామూలు సర్క్యూట్ లిమిట్ అడ్డుపడలేదు. కంపెనీ ఆ ఆర్డర్ మీద విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. బామ్మర్ది చెప్పే కేసు అదే.

బామ్మర్ది లెక్కలో రెండే ఉన్నాయి, గెలుపు, ఓటమి. వకీలు గుమాస్తాగా నేను రోజూ రాసే కేసు డైరీలో మాత్రం ఒక పక్క గత వాయిదా, ఇంకో పక్క వచ్చే వాయిదా. 'తీర్పు' అని రాసే రోజులు చాలా తక్కువ. కౌంటర్ వేయలేదనో, బెంచ్ లేదనో, వాదనలు మిగిలాయనో తేదీ మారుతూనే ఉంటుంది. షేరు కొన్నవాడు ఓపిక పట్టొచ్చు. ఆప్షన్ కొన్నవాడికి నెలాఖరు మంగళవారం ఎక్స్‌పైరీ, గడువు తీరిపోతుంది. తీర్పు బుధవారం వస్తే, మనవైపే వచ్చినా చేతికి చిల్లిగవ్వ రాదు.

పోనీ గెలిచారే అనుకుందాం, పైన సుప్రీంకోర్టు లేదా? ఇండోనేషియా బొగ్గు రేటు పెరిగిందని గుజరాత్‌లోని ముంద్రా ప్లాంట్ల కోసం టాటా, అదానీ కంపెనీలు పరిహార టారిఫ్, అంటే ఒప్పుకున్న రేటు మీద అదనం, అడిగితే 2013లో సీఈఆర్సీ సరేనంది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ పరిహారం కుదరదని తేల్చింది. 2013లో సంబరపడి ఆ కంపెనీల మీద పందెం కాసినవాళ్లకు ఎన్ని నెలాఖర్లు గడిచాయో!

ఇదంతా చెప్తే వాడు నవ్వాడు. "నువ్వు ప్రతిదానికి కోర్టు కథలే చెప్తవ్ బావా. ఒక యాభై వేలు సర్దు, వచ్చే నెల ఇచ్చేస్త."

అసలు ఫోన్ అందుకన్నమాట.

"డబ్బులు మీ అక్క దగ్గరున్నాయి, అడుగు" అన్నాను. మళ్లీ చేస్తానని పెట్టేశాడు.