మైనస్ 40 డిగ్రీల ఎండ

నెత్తిన ఎండ మాడ్చేస్తుంటే నా కారు బయట మైనస్ 40 డిగ్రీలని చూపిస్తోంది. ఏసీ కూడా మొరాయించింది. అంత చలిలో కంప్రెసర్ ఎందుకని దాని లెక్క! ఏసీ గ్యాస్ అయిపోయిందనుకుని రెండు రోజులు వృథా చేశాను. చివరికి ముందు బంపర్ వెనక దాక్కుని బయటి ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్‌ను ఊడదీసి విద్యుత్ నిరోధం కొలిచే మల్టీమీటర్ పెట్టాను. చలికి దాని నిరోధం పెరగాలి, వేడికి తగ్గాలి. గుప్పిట్లో పట్టుకోగానే అంకె బుద్ధిగా దిగింది. అంటే సెన్సర్ నిర్దోషి. (నేనేమో అప్పటికే కొత్తది కొనేశాను.) దోషి ప్లగ్ దగ్గరి తీగ. పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి మాత్రం ఆకుపచ్చగా చిలుమెక్కి తెగిపోయింది. తీగ తెగితే నిరోధం అనంతం, కారు దృష్టిలో అది గడ్డకట్టించే చలి. తీగ అతికించి కాస్త దూరం నడిపాక అంకె దారికొచ్చింది. కొత్త సెన్సర్ డబ్బాలోనే ఉంది, ఎవరికైనా కావాలా?